మందు వెల – 7వ భాగం: పరిశోధన ఖర్చు ఎవరి ఖాతాలో?

గత భాగం పింప్రీ దగ్గర ఆగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తోడ్పాటుతో 1954లో అక్కడ ఏర్పడిన హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ మన గడ్డ మీద పెన్సిలిన్ తయారు చేసి చూపించింది. కానీ ఆ వెనకే వచ్చిన కొత్త మందుల విషయంలో ఆ దారి మూసుకుపోయింది. అందుకు కారణం యంత్రాల కొరతో, రసాయన శాస్త్రం తెలిసినవాళ్లు లేకపోవడమో కాదు. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన పేటెంటు చట్టమే స్వాతంత్ర్యం వచ్చాక కూడా నడిచింది. ఆ చట్టం కింద హక్కు పొందిన కంపెనీ 16 ఏళ్ల పాటు మందును ఇక్కడ తయారు చెయ్యకుండానే ఉండవచ్చు, వేరొకరిని చెయ్యనివ్వకుండా ఆపవచ్చు, బయటి నుంచి తెచ్చి తనకు తోచిన ధరకు అమ్ముకోవచ్చు. మధుమేహానికి వాడే టోల్బుటమైడ్ మాత్రను ఇక్కడే తయారు చేస్తున్న యూనికెమ్ మీద జర్మన్ కంపెనీ హెక్స్ట్ బొంబాయి హైకోర్టులో వేసిన దావా 1960ల చివర్లో హెక్స్ట్ పక్షానే తేలింది. చెయ్యడం వచ్చినా చెయ్యకూడని స్థితి అది. ఆ స్థితిని మార్చిన చట్టం గురించి, అది తెచ్చిన మేలు గురించి, అది పరిష్కరించకుండా వదిలేసిన ప్రశ్న గురించి ఈ భాగంలో రాస్తున్నాను. వదిలేసిన ప్రశ్న ఇదీ: కొత్త మందు కనిపెట్టడానికి అయ్యే ఖర్చును మంచాన పడ్డ రోగి బిల్లులోంచే రాబట్టాలా? అక్కర్లేదని, వేరే దారి ఉందని చెప్పడానికి గడిచిన అరవై ఏళ్ల చరిత్రలోనే, అందులోనూ చాలావరకు హైదరాబాద్‌లోనే, ఆధారాలున్నాయి.

పేటెంటు చట్టాన్ని సరిచూడాలన్న ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే మొదలైంది. లాహోర్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి బక్షీ టేక్ చంద్ అధ్యక్షతన 1948లో కమిటీ వేశారు. ఆ కమిటీ సూచనలతో ఆహారం, మందులు, పురుగుమందుల మీద తప్పనిసరి లైసెన్సుల ఏర్పాటు 1952లో చట్టంలోకి వచ్చింది కానీ, కంపెనీల పట్టు సడలలేదు. 1957లో ఆ బాధ్యత జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ చేతికి వచ్చింది. 1959 సెప్టెంబరులో ఆయన ఇచ్చిన నివేదిక స్వతంత్ర భారతదేశ ఆర్థిక చరిత్రలో అందరూ చదవాల్సిన పత్రాల్లో ఒకటని నా అభిప్రాయం. దేశంలో ఉన్న పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయులవని, వాటిలో 90 శాతానికి పైగా ఇక్కడ ఉత్పత్తికి పెట్టనివేనని ఆయన లెక్క తేల్చారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా సెనేటులో టెనెసీ సభ్యుడు ఎస్టెస్ కీఫావర్ మందుల కంపెనీల ధరల మీద విచారణ మొదలుపెట్టారు. 1961లో వెలువడిన ఆ సెనేటు ఉపసంఘం నివేదిక, మందుల ధరలు ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాల్లో భారత్‌ను చేర్చింది. తలసరి ఆదాయంలో అట్టడుగున ఉన్న దేశం మందుల ధరల్లో పైవరసలో నిలిచిందన్నమాట.

అయ్యంగార్ పేటెంట్లను రద్దు చెయ్యమనలేదు. ఆయన మాట పేరు చెప్పి రద్దు వాదం చేసేవాళ్లూ, ఆయన్ను పేటెంట్ల శత్రువుగా చిత్రించేవాళ్లూ ఈ సంగతి మరిచిపోతారు. సమాజం ఒక వ్యక్తికి కొంతకాలం గుత్తాధిపత్యం ఇస్తున్నదంటే, బదులుగా సమాజానికి ఏదో దక్కాలన్నది ఆయన వాదానికి పునాది. ఆ దక్కేది ఏమిటో దేశాన్ని బట్టి మారుతుంది కనుక చట్టం కూడా మారాలి. యూరప్ అనుభవాన్ని ఆయన శ్రద్ధగా పరిశీలించారు. జర్మనీలో రసాయనాల మీద ఇచ్చింది తయారీ పద్ధతికి పేటెంటే, పదార్థానికి కాదు. పశ్చిమ జర్మనీ ఆ నియమాన్ని 1968 దాకా మార్చలేదు. స్విట్జర్లాండ్, ఇటలీ 1970ల చివరిదాకా మందు పదార్థానికి పేటెంటు ఇవ్వలేదు. ప్రపంచంలో అతి పెద్ద మందుల కంపెనీలు కొన్ని పుట్టింది జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో. సొంత గడ్డ మీద ఆ రక్షణ లేకుండానే అవి ఎదిగాయి. నిజమే, ఇతర దేశాల్లో వాటికి పేటెంట్లు దొరికాయి, అక్కడి మార్కెట్లూ తోడయ్యాయి. అయినా, ఒక దేశం తన చట్టంలో పదార్థం పేటెంటు లేకుండా చేస్తే పరిశోధన మొలకెత్తదన్న మాటకు ఆ రెండు దేశాల చరిత్ర ఎదురు సాక్ష్యమే.

నివేదిక వచ్చాక చట్టం రావడానికి పదకొండేళ్లు పట్టింది. 1965లో పెట్టిన బిల్లు మురిగిపోయింది, 1967లో మళ్లీ పెట్టారు, 1970 సెప్టెంబరులో చట్టమై 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఆహారం, మందుల విషయంలో పదార్థానికి పేటెంటు లేదు, తయారీ పద్ధతికే. అదీ మంజూరైన నాటి నుంచి ఐదేళ్లు లేదా దాఖలైన నాటి నుంచి ఏడేళ్లు, ఏది తక్కువైతే అది. మూడేళ్లు గడిచాక అడిగినవారికి లైసెన్సు ఇవ్వాలి, రాయల్టీ 4 శాతం దాటకూడదు. ఈ చట్టం వచ్చిన 1970లోనే నిత్యావసర సరుకుల చట్టం కింద మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు కూడా వచ్చింది. ఒకటి పోటీకి తలుపు తెరిచింది, రెండోది ధరకు కప్పు వేసింది. మందుల ధరలు తగ్గడంలో ఏది ఎంత పనిచేసిందన్న చర్చలో నేను మొదటిదానికే ఎక్కువ వాటా ఇస్తాను. 1979లో 347 ముడి మందులకు వర్తించిన ధరల నియంత్రణ 1995 ఉత్తర్వు నాటికి 74కు కుదించుకుపోయింది. అంతగా కుదించినా మన జెనరిక్ మందులు ప్రపంచంలో చవకైనవిగానే నిలిచాయంటే, ఒకే మందును ఇరవై కంపెనీలు చెయ్యగలగడమే అసలు కారణం.

ఈ చట్టం పరిశోధనకు బహుమానం లేకుండా చేసిందని తరచూ వినిపించే ఆరోపణను జాగ్రత్తగా చూడాలి. చట్టం బహుమానాన్ని తీసెయ్యలేదు, దాని చిరునామా మార్చింది. మందు అణువును కనిపెట్టినవాడికి కాక, దాన్ని తక్కువ ఖర్చుతో, తక్కువ మెట్లలో, శుద్ధంగా చెయ్యగలిగినవాడికి ఫలితం దక్కేలా చేసింది. ఊరు అదే, అక్కడికి కొత్త దారి వేసినవాడికి లాభం. ఆ దారులు వెయ్యడం నేర్పిన బడి సోవియట్ సాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో కట్టిన ఐడీపీఎల్ సింథటిక్ డ్రగ్స్ కర్మాగారం. 1961లో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ వ్యాపారంగా చివరికి చితికిపోయింది, అది వేరే కథ. కానీ పెద్ద పెద్ద రియాక్టర్లలో బల్క్ డ్రగ్ చెయ్యడమెలాగో తెలిసిన ఒక తరాన్ని అది తయారు చేసింది. పూనా జాతీయ రసాయన ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేసిన తాడేపల్లి వాసి కల్లం అంజిరెడ్డి అక్కడే పనిచేసి, బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. బాలానగర్, జీడిమెట్ల చుట్టూ బల్క్ డ్రగ్ యూనిట్లు వరసగా లేచాయి. ఆ పరిశ్రమ ఊపిరి పోసుకున్న చోట చెరువులూ బోర్లూ విషమైన సంగతి కూడా ఆ ఎదుగుదల లెక్కలోదే. పటాన్‌చెరు పల్లెలు చెల్లించిన ఆ మూల్యానికి తర్వాత ఒక భాగం పూర్తిగా కేటాయిస్తాను.

ఈ కొత్త నైపుణ్యం విలువ ఎంతో ప్రపంచానికి తెలిసింది ఎయిడ్స్ వల్ల. ఎయిడ్స్‌కు మొట్టమొదటి మందు ఏజెడ్‌టీ. దాన్ని 1964లో జెరోమ్ హోర్విట్జ్ డెట్రాయిట్‌లో, అమెరికా ప్రభుత్వ నిధులతో, క్యాన్సర్ మీద వాడదామని తయారు చేశారు. ఆ పని ఫలించక పేటెంటు కూడా తీసుకోకుండా పక్కన పెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత అది హెచ్ఐవీ మీద పనిచేస్తుందని తేలడంలో బరోస్ వెల్‌కమ్ కంపెనీతో పాటు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తల పాత్రా ఉంది. 1987లో అనుమతి వచ్చాక ఏడాది మందు ధర 8 వేల నుంచి 10 వేల డాలర్లు. రోగులు వీధికెక్కితే 1989లో 20 శాతం తగ్గించారు. ఇక్కడ, హైదరాబాద్ ఐఐసీటీ డైరెక్టరుగా ఉన్న గుంటూరు వాడైన ఎ.వి. రామారావు ఏజెడ్‌టీకి సొంత తయారీ పద్ధతి సిద్ధం చేశారు. ప్రభుత్వ ప్రయోగశాలలో పుట్టిన ఆ పద్ధతితో సిప్లా 1993లో మందును మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందులు కలిపిన చికిత్సను ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థకు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించారు. అప్పటికి పాశ్చాత్య దేశాల్లో అదే చికిత్సకు 10 వేల నుంచి 15 వేల డాలర్లు. ధర తగ్గడం ఒక్కటే కాదు ఇందులో విశేషం. స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ మూడింటి హక్కులూ మూడు వేర్వేరు కంపెనీల చేతుల్లో ఉండటంతో ఎవరూ మూడింటినీ ఒక మాత్రగా చెయ్యలేదు. పదార్థానికి పేటెంటు లేని మన దేశంలో ఆ ఒక్క మాత్ర సాధ్యమైంది, ఆఫ్రికా పల్లెల్లో చికిత్స దాంతోనే సులువైంది. తర్వాత హెటిరో, అరబిందో, మ్యాట్రిక్స్ లాంటి హైదరాబాద్ కంపెనీలు కూడా రంగంలోకి వచ్చాయి. దాతల నిధులతో పేద దేశాలు కొన్న ఎయిడ్స్ మందుల్లో 2006 నుంచి 80 శాతానికి పైగా భారత్‌లో తయారైన జెనరిక్‌లే.

ఇంతవరకూ చెప్పింది ఒక పక్షం బలం. రెండో పక్షం వాదం బలహీనమైనదేమీ కాదు. ఏజెడ్‌టీ కానీ, లామివుడిన్ కానీ, నెవిరాపిన్ కానీ కనిపెట్టింది మనం కాదు. 1970 నుంచి 1995 దాకా భారతీయ కంపెనీల నుంచి ప్రపంచ మార్కెట్టుకు చేరిన కొత్త అణువు లేదు. ఎవరో ఖర్చు భరించి కనిపెడితేనే మనం చవగ్గా చెయ్యగలిగాం. ఆ ఖర్చు ఎలాంటిదో అంజిరెడ్డికి అనుభవంలోకి వచ్చింది. కొత్త అణువుల వేట మొదలుపెట్టిన ఆయన కంపెనీ మధుమేహానికి తయారు చేసిన అణువులను 1997, 98 సంవత్సరాల్లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చింది. ఒక భారతీయ కంపెనీ తన అణువును విదేశానికి అమ్మడం అదే మొదలు. వాటిలో రాగాగ్లిటజార్ మనుషుల మీద పరీక్షల్లో చాలా ముందుకు వెళ్లాక, జంతువుల్లో మూత్రాశయపు కణితులు కనిపించడంతో 2002లో ఆపేశారు. ఏళ్ల తరబడి పెట్టిన పెట్టుబడి ఒక్క ఫలితంతో తుడిచిపెట్టుకుపోయింది. కొత్త మందు వెతకడమంటే ఇదే: పది మొదలుపెడితే తొమ్మిది ఇలా దారిలో రాలిపోతాయి. రాలిపోయినవాటి ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఈ నిజాన్ని దాటవేసి ‘మందు తయారీకి పది రూపాయలే, వెయ్యికి అమ్ముతారా’ అని అడగడం సరైన వాదం కాదు.

అయితే ఆ ఖర్చు ఎంత? అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ కేంద్రం 2014లో ఒక కొత్త మందుకు 260 కోట్ల డాలర్ల దాకా అవుతుందని చెప్పింది. కంపెనీలు తరచూ చూపించే అంకె ఇదే. ఇందులో నేరుగా ఖర్చయింది 140 కోట్లు, మిగతాది ఆ డబ్బు వేరేచోట పెట్టి ఉంటే వచ్చే రాబడిగా లెక్కేసింది. మూల సమాచారం కంపెనీలు గోప్యంగా ఇచ్చింది. బహిరంగంగా దొరికే లెక్కలతో 2020లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనం, పెట్టుబడి వడ్డీని కలుపుకొనే, మధ్యస్థ అంచనాను 100 కోట్ల డాలర్లకు కాస్త తక్కువగా చూపింది. ఏది తీసుకున్నా చిన్న మొత్తం కాదు. అంకె ఎంతన్నదాని కన్నా, దాన్ని రాబట్టే పద్ధతిలోనే నా అభ్యంతరం ఉంది. ధర ద్వారా రాబట్టే పద్ధతిలో పరిశోధన జబ్బు వెంట కాదు, కొనుగోలు శక్తి వెంట నడుస్తుంది. క్షయకు నలభై ఏళ్లకు పైగా కొత్త తరగతి మందు లేదు. 2012 డిసెంబరులో బెడాక్విలిన్ వచ్చేదాకా ఆ కొరత అలాగే ఉంది. ఆ మందు కూడా ప్రభుత్వాల, స్వచ్ఛంద సంస్థల డబ్బు గణనీయంగా కలిస్తేనే రోగుల దాకా చేరింది. మన దేశం 2005 నుంచి పదార్థానికి 20 ఏళ్ల పేటెంటు ఇస్తున్నా, క్షయ, కాలా అజార్, పాముకాటు లాంటి మన సొంత జబ్బుల మీద ప్రైవేటు పరిశోధన ఉప్పొంగలేదు. పేటెంటే సరిపోయే ప్రోత్సాహమైతే ఈపాటికి కొంతైనా కనిపించాలి కదా.

ఆ 2005 మార్పు ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల వచ్చింది. 1995లో అందులో సభ్యదేశమైన భారత్‌కు పదేళ్ల గడువు దొరికింది, గడువు తీరాక పదార్థం పేటెంటు తిరిగొచ్చింది. కానీ పార్లమెంటు ఆ చట్టంలో రెండు రక్షణలు ఉంచింది. ఒకటి సెక్షన్ 3(డి): తెలిసిన పదార్థానికి కొత్త రూపమిస్తే, చికిత్సా సామర్థ్యం పెరిగితే తప్ప పేటెంటు లేదు. రక్త క్యాన్సర్ మందు గ్లీవెక్ విషయంలో నోవార్టిస్ ఈ సెక్షన్ మీద చెన్నై పేటెంటు కార్యాలయం నుంచి సుప్రీంకోర్టు దాకా పోరాడి, 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. హైదరాబాద్ నాట్కో ఆ పేటెంటును వ్యతిరేకించినవాళ్లలో ఒకరు. రెండో రక్షణ తప్పనిసరి లైసెన్సు. బేయర్ కంపెనీ నెక్సావర్ అనే మందును, కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడేదాన్ని, నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. నాట్కో అడిగితే బేయర్ లైసెన్సు ఇవ్వలేదు. పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ 2012 మార్చి 9న, తాను ఆ పదవి వదలబోయే రోజుల్లో, నాట్కోకు లైసెన్సు మంజూరు చేశారు: ధర నెలకు 8,880 రూపాయలు మించకూడదు, బేయర్‌కు 6 శాతం రాయల్టీ, ఏటా 600 మంది నిరుపేదలకు ఉచితంగా ఇవ్వాలి. అవసరమైన రోగుల్లో 2 శాతానికి కాస్త పైగా మాత్రమే ఈ మందు అందుకోగలిగారని ఆయన ఉత్తర్వు నమోదు చేసింది. అప్పీలులో రాయల్టీని 7 శాతానికి పెంచి, లైసెన్సును నిలబెట్టారు. బొంబాయి హైకోర్టు, ఆపై సుప్రీంకోర్టు కూడా 2014లో జోక్యం చేసుకోలేదు.

ఆ ఉత్తర్వు న్యాయమైనదని నేను నమ్ముతున్నాను. అయినా దాని లెక్క నిజాయితీగా వేసి చూద్దాం. 8,880 మీద 7 శాతమంటే రోగికి నెలకు దాదాపు 620 రూపాయలు. నూరుమంది అర్హులకూ మందు అందినా బేయర్‌కు వచ్చేది నెలకు 62 వేలు. పాత ధరకు ఇద్దరు కొన్నా కంపెనీ అమ్మకాల మొత్తం 5 లక్షల 60 వేలు. రోగి వైపు నుంచి చూస్తే 98 మంది వదిలివేయబడటం దుర్మార్గం. కంపెనీ వైపు నుంచి చూస్తే పాత పద్ధతే లాభం. 620 రూపాయలతో తర్వాతి మందు పుట్టదు, ఆ మాట కూడా నిజమే. అందుకే తప్పనిసరి లైసెన్సు ప్రాణాపాయంలో తీసుకునే చర్య అవుతుంది కానీ, పరిశోధనకు డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు జవాబు కాదు. ప్రభుత్వం కూడా దాన్ని మళ్లీ వాడటానికి వెనకాడింది. హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా మధుమేహ మందు సాక్సాగ్లిప్టిన్ కోసం పెట్టుకున్న దరఖాస్తును 2016లో తోసిపుచ్చారు. ‘పేదదేశాలు ఉచితంగా వాడుకుంటే అమెరికా రోగులే పరిశోధన భారం మోస్తున్నారు’ అన్న ఫిర్యాదుకు ఇక్కడ సగం జవాబుంది: కొనలేని 98 మంది నుంచి ఎలాగూ ఏమీ వచ్చేది కాదు, కాబట్టి వాళ్లకు మందు చవగ్గా దొరకడం వల్ల పోయిన ఆదాయం చాలా తక్కువ. మిగతా సగం జవాబు మనం ఇవ్వాల్సి ఉంది. మన వంతు పరిశోధన ఖర్చు మనం భరించాలి.

భరించి చూపించిన సందర్భం ఒకటుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్ బృందం, పసిపిల్లలకు విరేచనాలు కలిగించే రోటావైరస్ రకాల్లో ఒకదాన్ని గమనించింది. అది సోకిన నవజాత శిశువులకు జబ్బు రాకపోగా తర్వాత రక్షణ కనిపించింది. ఆ వైరస్ నుంచి టీకా చెయ్యవచ్చన్న ఆలోచన అలా పుట్టింది. టీకా రాకముందు మన దేశంలో రోటావైరస్ వల్ల ఏటా 70 వేలకు పైగా పసిబిడ్డలు పోతున్నారని అంచనా. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ సంస్థలు, పాథ్ సంస్థ, గేట్స్ ఫౌండేషన్ కలిసి పరిశోధన, పరీక్షల ఖర్చులో పెద్ద భాగం మోశాయి. హైదరాబాద్ భారత్ బయోటెక్ తయారీ బాధ్యత తీసుకుని తన పెట్టుబడి కూడా పెట్టింది. టీకా పనిచేస్తే డోసును ఒక డాలరుకు ఇస్తానని కంపెనీ ముందే మాటిచ్చింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులో 6,799 మంది శిశువుల మీద మూడో దశ పరీక్ష జరిగింది. మొదటి ఏడాది తీవ్రమైన విరేచనాల నుంచి 56 శాతం రక్షణ కనిపించింది. ఆ అంకె తక్కువని పెదవి విరిచినవాళ్లున్నారు కానీ, పేద దేశాల శిశువుల్లో విదేశీ టీకాల రక్షణ కూడా ఇంచుమించు అదే. 2014లో అనుమతి, 2015 మార్చిలో ఆవిష్కరణ, 2016లో జాతీయ టీకా కార్యక్రమంలోకి ప్రవేశం. మొదట ఎంపికైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత కూడా వచ్చింది. ఇక్కడ కనిపెట్టినవాళ్లకు ప్రతిఫలం దక్కింది, తయారుచేసినవాళ్లకు ఖాయమైన కొనుగోలు దక్కింది, అంగన్‌వాడీకి వచ్చిన తల్లి పైసా ఇవ్వలేదు. పరిశోధన ఖర్చు ఒక ఖాతాలో, మందు ధర వేరే ఖాతాలో పడ్డాయి.

ఈ ఏర్పాటులో కీలకమైనది ప్రజాధనం ఒక్కటే కాదు, ధర గురించి ముందే కుదిరిన మాట. అది లేకపోతే ఏమవుతుందో 2021లో చూశాం. పుణె జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసిన కరోనా వైరస్‌ను ఐసీఎంఆర్ అదే భారత్ బయోటెక్‌కు అందించి, పరీక్షల్లో భాగం పంచుకుని, రాయల్టీ కూడా రాయించుకుంది. కానీ ధర రాయించుకోలేదు. ఏప్రిల్ నెలలో, రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, కొవాగ్జిన్ డోసు రాష్ట్రాలకు 600, ప్రైవేటు ఆసుపత్రులకు 1,200 రూపాయలని కంపెనీ ప్రకటించింది. విమర్శలు రేగాక రాష్ట్రాల ధర 400కు తగ్గింది. కేంద్రానికి ఇస్తున్న 150 రూపాయల ధర తమకు గిట్టుబాటు కాదని కంపెనీ వివరించింది. ఆ వాదనలో పస లేదని నేననను. కానీ ఆ బేరం జరగాల్సిన సమయం శ్మశానాల దగ్గర వరసలు కట్టిన ఏప్రిల్ కాదు, వైరస్‌ను కంపెనీ చేతిలో పెట్టిన 2020. నగరం అదే, కంపెనీ అదే, శాస్త్రం అంతకన్నా ముందుకెళ్లింది. తేడా ఒప్పందంలో ఉంది.

ఇక మిగిలినవి రెండు అభ్యంతరాలు. ఏ జబ్బు మీద పరిశోధించాలో ప్రభుత్వ అధికారులు తేలిస్తే పొరపాట్లు జరుగుతాయంటారు కొందరు. జరుగుతాయి. అందుకే డబ్బంతా ముందే ఇవ్వకుండా, ఫలితం చూపినవారి దగ్గర ఫలానా ధరకు, ఫలానా సంఖ్యలో కొంటామని హామీ ఇచ్చే పద్ధతి కూడా కలపాలి. అప్పుడు ఎవరు గెలుస్తారో అధికారి ఊహించనక్కర్లేదు. ధరను అణచిపెడితే తయారీదారులు తప్పుకుంటారన్నది రెండో అభ్యంతరం, ఇది బలమైనది. పెన్సిలిన్ చరిత్రే సాక్ష్యం. దేశంలో పింప్రీ నుంచి మొదలైన పెన్సిలిన్ జి ముడిసరుకు తయారీ చైనా దిగుమతుల పోటీకి నిలవలేక ఆగిపోయింది. ప్రభుత్వ ప్రోత్సాహక పథకం సాయంతో అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర దాన్ని మళ్లీ మొదలుపెట్టేసరికి 2024 వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులోనే ధరల నియంత్రణ సంస్థ బెంజైల్ పెన్సిలిన్‌తో సహా ఎనిమిది పాత మందుల గరిష్ఠ ధరను 50 శాతం పెంచాల్సి వచ్చింది, లేకపోతే వాటిని చేసేవాళ్లే మిగిలేలా లేరు. చవక పేరుతో ధరను తయారీ ఖర్చు కిందికి నెట్టడాన్ని నేను సమర్థించను. తయారీకి గిట్టుబాటు ధర, పరిశోధనకు విడిగా చెల్లింపు, రెండూ కావాలి. రెండింటినీ కలిపి ఎమ్మార్పీలో ముద్రించడమే వద్దంటున్నాను.

దీనికి డబ్బు కావాలి, ఆ విషయంలో మన లెక్కలు గర్వపడేలా లేవు. కేంద్రం, రాష్ట్రాలు కలిపి ఆరోగ్యం మీద పెట్టిన ఖర్చు 2021–22లో దేశ ఆదాయంలో 1.84 శాతమే. మందుల పరిశోధన కోసం 2023లో కేంద్రం 5 వేల కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. మొత్తం చిన్నదే అయినా దిశ సరైనది. తెలుగు రాష్ట్రాల నుంచి పార్లమెంటుకు వెళ్లినవారికి, జీనోమ్ వ్యాలీ కంపెనీలకు, పరిశోధనకు నిధులిచ్చే ప్రతి ప్రభుత్వ విభాగానికీ విన్నపం ఒక్కటే: ప్రజల సొమ్ము ఏ మందు పరిశోధనలోకి వెళ్లినా, చెక్కు మీద సంతకం పెట్టే రోజునే ఆ మందు ప్రభుత్వ ఆసుపత్రికి ఎంత ధరకు చేరాలో ఒప్పందంలో రాయించండి, ఆ ఒప్పందాన్ని ప్రజల ముందు పెట్టండి.

(సశేషం)